కరెంటు వచ్చినందుకు ఫిర్యాదు

మా సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరు (ఆపరేషన్) గారి దివ్యసముఖమునకు,

విషయం: అర్ధరాత్రి కరెంటు పునరుద్ధరణ వలన వినియోగదారునికి కలుగుచున్న నిద్రాభంగము గురించి.

సూచిక: నిన్న రాత్రి రెండుంబావుకు మా పడకగదిలో ఉదయించిన సూర్యుడు.

అయ్యా,

కరెంటు పోయిందని 1912కు ఫోన్ చేసేవాళ్లు తమకు కొత్త కాదు. వచ్చిందని మొరపెట్టుకునేవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

మా ఇంట్లో స్మార్ట్ బల్బులు పెట్టించాం. ఫోన్‌లో నొక్కితే ఆరతాయి, పిలిస్తే పలుకుతాయి, రాత్రయ్యేకొద్దీ తెలుపు వదిలి పసుపులోకి దిగుతాయి. ఇన్ని విద్యలు నేర్చిన బల్బుకు ఒక్కటి మాత్రం తెలీదు: కరెంటు తమ సబ్‌స్టేషన్ నుంచి తిరిగొచ్చిందా, లేక ఇంట్లో ఎవరైనా గోడ మీది స్విచ్ వేశారా అన్నది. దాని లెక్కలో రెండూ ఒకటే. స్విచ్ వేసినవాడికి వెలుతురే కావాలి గదా అని, కరెంటు తగలగానే నిండుగా వెలిగేట్టు తయారుచేసి పంపుతారు. నిన్న రాత్రి ఫీడర్ ట్రిప్పయింది, తమ సిబ్బంది నిద్ర మానుకుని లైను ఛార్జి చేశారు. వాళ్లకు దండం. మా హాలు, వంటిల్లు, పడకగదులు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. మా నాన్నగారు తెల్లారిందనుకుని మొహం కడుక్కుని, పేపర్ కోసం గేటు దాకా వెళ్లొచ్చారు.

తప్పంతా తమదని అనను. ఈ బల్బులు కరెంటు పోని దేశాలవాళ్ల ఆలోచన. ఈ రకానికి పేరు తెచ్చిన ఫిలిప్స్ హ్యూ 2012లో వస్తే, కరెంటు తిరిగొచ్చాక వెలగాలా ఆరి ఉండాలా అని మనం చెప్పుకునే వీలు అందులో 2018 చివరికి గానీ రాలేదు. ఆ ఆరేళ్లలో మన ఊళ్లలో ఎన్ని అర్ధరాత్రులు తెల్లారాయో! ఇప్పుడు చాలా బల్బుల్లో ఆ సెట్టింగు ఉంది. యాప్‌లో ఎక్కడుందో కనిపెట్టడానికే ఓ ఆదివారం కావాలి.

సాయంత్రాల సంగతి ఇంకో తీరు. సూర్యాస్తమయానికి వాకిట్లో లైటు దానంతటదే వెలగాలని పెట్టుకున్నాం. మన అక్షాంశ రేఖాంశాలు ఇస్తే యాప్ పంచాంగకర్తలా నిమిషంతో సహా గుణిస్తుంది. సరిగ్గా ఆ నిమిషానికి తమరు లైను పనికని ఎల్‌సీ (లైన్ క్లియర్) ఇచ్చి కరెంటు తీశారనుకోండి, ముహూర్తం దాటిపోయినట్టే. కరెంటొచ్చేలోగా మా అమ్మ ‘అసురసంధ్య వేళ ఇల్లు చీకటేంటిరా’ అంటూ స్విచ్ దగ్గరికి వెళ్లి, వేసి ఉన్నదాన్ని కాస్తా ఆపేస్తుంది. ఆ తర్వాత యాప్ ఎంత పిలిచినా బల్బు పలకదు.

మనిషి రాగానే లైటు వెలగాలని బాత్రూములో పెట్టిన సెన్సర్ ఒంటివేడి కదలికను పసిగట్టేది. మే నెలలో గోడలు, మనిషి ఇంచుమించు ఒకే వేడిలో ఉంటే అది ఎవర్ని పోల్చుకుంటుంది పాపం?

మరో విన్నపం బిల్లు గురించి. ఆరి ఉన్నా సరే, పిలుపు వినడానికి ఈ బల్బు ఒక్కోటీ అర వాటు దాకా తాగుతుంది. పది బల్బులుంటే నెలకు దగ్గర దగ్గర మూడున్నర యూనిట్లు. వెలగనందుకు కూడా తమ ఖజానాకు జమకట్టే వినియోగదారులం కనుక, మా మాట కాస్త వినాలి.

నా మట్టుకు నేను ఒక నిర్ణయానికొచ్చాను. తెలివి బల్బులో ఉండకూడదు, స్విచ్‌బోర్డులో ఉండాలి. బోర్డు వెనక ఓ చిన్న రిలే, పైన మామూలు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ. అప్పుడు అమ్మ చేత్తో నొక్కినా వెలుగుతుంది, నేను ఫోన్‌తో నొక్కినా వెలుగుతుంది, నెట్ లేకపోయినా వెలుగుతుంది. ఆ రిలేకు న్యూట్రల్ వైరు కావాలి; ప్లగ్గున్న బోర్డుల్లో అది ఉంది గనక పని సులువే. మంచం పక్కన టూవే స్విచ్ దగ్గరే ‘ఇక్కడ న్యూట్రల్ లేద్సార్’ అని ఎలక్ట్రీషియన్ చేతులెత్తేశాడు.

ఆ పని పూర్తయ్యేదాకా రాత్రి పూట లైను ఛార్జి చేసేముందు లైన్‌మాన్ చేత మా వీధిలో ఓ ఈల వేయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయ గృహ వినియోగదారుడు

నకలు: ఎలక్ట్రీషియన్‌కు. న్యూట్రల్ వైరు లాగుతానన్న ఆదివారం ఏ నెలలోదో తెలియజేయవలెను.