గ్లాసుడు పప్పు, మూడు పూటలు

నేను కుక్కర్‌ని. అల్యూమినియం దాన్ని, ఐదు లీటర్లు పడతాను. పెళ్లి సామానుతో పాటు తాండూరులోని ఈ ఇంటికి వచ్చాను. ఇంటాయన నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు, ఆమె మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. నా రబ్బరు మారింది, పిడి మారింది. మారనిది ఒక్కటే, పొద్దున ఆమె కొలిచి పోసే గ్లాసుడు కందిపప్పు.

మా ఊరి కందికి పేరుంది. 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నల్లరేగడిలో పండే ఈ పప్పు తొందరగా ఉడుకుతుంది, రుచికి తిరుగులేదు. అయినా పప్పు పప్పే, డబ్బు పెట్టి కొనాల్సిందే. 2015లో కిలో రెండు వందల దాకా పోయినప్పుడు ఆమె సగం గ్లాసు కందికి సగం గ్లాసు ఎర్రపప్పు కలిపింది, సొరకాయ ముక్కలు వేసింది. నీళ్లు మాత్రం ఎక్కువ పోయలేదు. అందుకే ఆమె అంటే నాకు గౌరవం. నీళ్లు పోస్తే గరిటెలు పెరుగుతాయి, పప్పు పెరగదు. వంద గ్రాముల కందిపప్పులో ఇరవై రెండు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. ఎదిగే పిల్లలకు కావలసింది అదే.

పప్పును ఓ అరగంట ముందు నానబెడుతుంది. అడుగున నీళ్లు, కింద పప్పుగిన్నె, పైన బియ్యం గిన్నె. పప్పులో చిటికెడు పసుపు, చుక్క నూనె వేస్తుంది. నూనె పడితే నురగ పొంగి నా విజిల్‌కు అడ్డుపడదు. మామూలు గిన్నెలో నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి. నాలో ఆవిరి బిగుసుకుని నూట ఇరవై దాకా వెళ్తుంది. అన్నమూ పప్పూ ఒకే మంట మీద దిగుతాయి, సిలిండర్ ఇంకొన్ని రోజులు ఎక్కువ వస్తుంది.

అసలు పనితనం మూత తీశాకే. ఆమె వెంటనే గరిటె పెట్టి మెదపదు. పైన తేరిన పసుపుపచ్చని కట్టును ముందు చిన్న గిన్నెలోకి మెల్లగా వంచుకుంటుంది. తర్వాత మిగిలిన పప్పును మూడు వాటాలు చేస్తుంది. పెద్ద వాటాలో ఉప్పు వేసి మెత్తగా మెదిపి వెల్లుల్లి పోపు పెడితే మధ్యాహ్నానికి ముద్దపప్పు. పక్కన పచ్చిపులుసు. చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఇంత కొత్తిమీర ఉంటే చాలు, దానికి పొయ్యి కూడా అక్కర్లేదు. రెండో వాటా రాత్రికి టమాటా, సొరకాయ ముక్కలతో పప్పుచారు అవుతుంది. తీసి పెట్టిన కట్టు అందులోనే కలుస్తుంది, వాన పడి చల్లగా ఉంటే మాత్రం మిరియాలు, జీలకర్ర దంచి వేసి కట్టుచారు కాస్తుంది.

“అమ్మా, ఇయ్యాల గూడ పప్పేనా?” అంటాడు చిన్నోడు.

“అది ముద్దపప్పు, ఇది పప్పుచారు. తిని చెప్పు బిడ్డా.”

తిని ఏమీ చెప్పడు, ఇంకో గరిటె అడుగుతాడు.

మూడో వాటా తెల్లారి గోధుమపిండిలోకి పోతుంది. వాము, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కారం వేసి, నీళ్లకు బదులు పప్పుతోనే పిండి కలిపి రొట్టెలు చేస్తుంది. చింతకాయ తొక్కు ఉంటే వేరే కూర అక్కర్లేదు. ఎండాకాలంలో మాత్రం ఈ వాటా ఉంచదు. పులుపు పడని పప్పు ఆ వేడికి రాత్రికి రాత్రే పాడవుతుంది. చవకని చెప్పి వాసన వచ్చింది పిల్లలకు పెట్టడం పొదుపు కాదు, ఆసుపత్రి ఖర్చు.

చాలా ఏళ్లు నన్ను బాధపెట్టిన సంగతి ఒకటుంది. అందరికీ వడ్డించాక గిన్నె అడుగు గీకి తినేది ఆమే. “నీకు పప్పేది?” అని అత్తమ్మ అడిగితే, “నాకు పచ్చిపులుసు చాలు అత్తమ్మా” అనేది. గ్లాసుడు పప్పును ఐదుగురికి సాగదీసిన మనిషి తన వాటా దగ్గరికి వచ్చేసరికి లెక్క మరిచిపోయేది. ఇప్పుడు అత్తమ్మ ఊరుకోవడం లేదు. మూత తీయగానే, పిల్లల పళ్లేలు రాకముందే, కోడలి కోసం నిండుగా ఓ గరిటె చిన్న గిన్నెలోకి తీసి మూత పెడుతుంది. కట్టు వంచడం ఆ తర్వాతే.

మీ ఇంట్లోనూ పప్పును పూటలకు పంచే ముందు, వండిన మనిషి వాటా తీసి పక్కన పెట్టండి.