“నాకు బానే ఇనిపిస్తంది మావా”: సటీకా తాత్పర్యము

మూలం: “నాకు బానే ఇనిపిస్తంది మావా, నీ నెట్టే ప్రాబ్లమ్.”

అవతారిక. విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా, రాత్రి పది దాటాక, హెడ్‌సెట్ తగిలించుకున్న ప్రతి గదిలోనూ పుట్టే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం ఉజ్జాయింపుగా చెప్పవచ్చు: 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్ నిషేధానికి గురై, 2021 జులైలో బీజీఎంఐ అన్న కొత్త పేరుతో తిరిగివచ్చే నాటికి ఈ వాక్యం మన భాషలో స్థిరపడిపోయింది. సందర్భం ఇది. స్క్వాడ్‌లో నలుగురు. అందులో ఒకడి మాట నూతిలోంచి వస్తోంది. “ఏట్రా, ఏటీ ఇనబడట్లేదు” అని ముగ్గురూ మొత్తుకుంటారు. ఆ ఒకడి ముందు, స్ప్రింగుల చేతికి వేలాడుతూ, రంగులు మార్చుకుంటూ, స్టూడియో క్వాలిటీ అని పెట్టె మీద రాసుకుని వచ్చిన మైకు ఉంటుంది. అతడు జాలిగా నవ్వి పై మూలాన్ని పలుకుతాడు.

ప్రతిపదార్థం సుగమం. తేలికైన చోట సుగమం అనడం, కష్టమైన చోట మరింత గట్టిగా సుగమం అనడం వ్యాఖ్యాతలకు ఉన్నదే. మెదక్ సీమ నుంచి వచ్చిన మన కొలచల మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని వ్యాఖ్యానాల మొదట్లోనే మాట ఇచ్చాడు. ప్రస్తుత టీకాకారుడు అందులో మొదటి సగానికే పూచీ పడతాడు.

విశేషం. ఉచ్చారణ శాస్త్రమైన పాణినీయ శిక్ష ధ్వని పుట్టుకను చెబుతూ, మనసు దేహంలోని అగ్నిని కొడుతుందని, అగ్ని వాయువును తోస్తుందని, ఆ వాయువు రొమ్ము, గొంతు, తల దాటి నోట్లో అక్షరం అవుతుందని వివరిస్తుంది. నోటి బయట ఏమవుతుందో దానికి అవసరం లేకపోయింది. ఆ మిగతా అధ్యాయాన్ని 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ పూర్తిచేశారు: విద్యుదావేశాన్ని తనలోనే నిలుపుకునే పలచటి పొర మీద గాలి తగిలితే మాట కరెంటు అవుతుంది. ఎలక్ట్రెట్ మైకు అంటే అదే. పాణినీయ శిక్షలోనే అధమ పాఠకులు ఆరుగురని ఒక జాబితా ఉంది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు లేనివాడు. వీళ్ళలో తల ఊపేవాడిని ఎందుకు చేర్చారో వేదపాఠశాల బయటివాళ్ళకు బోధపడడం కష్టం. బల్ల మీద మైకు పెట్టి ఆడేవాడిని చూస్తే చప్పున బోధపడుతుంది. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే నేరుగా చేరే ధ్వని ఆరు డెసిబెళ్ళు పడిపోతుంది. శత్రువు కుడివైపున కనబడగానే వీడు కుర్చీతో సహా కుడికి ఒరుగుతాడు. మాటలో సగం మైకుకు, సగం గోడకు. గొంతు లేనివాడి సంగతి ఇంకా ఘోరం. వాడు గొంతు పెంచడు, మైకు గ్రహించే పాళ్ళు, అంటే గెయిన్ పెంచుతాడు. గెయిన్‌కు మాటా తెలియదు, ఫ్యానూ తెలియదు. రెండింటినీ కలిపే పెంచుతుంది. ఉక్కపోతకు ఏడాది పొడుగునా ఫ్యాను తిరిగే ఊళ్ళో, హైవే వారగా ఉన్న ఇంట్లో, పోర్టుకు పోయే కంటైనర్ లారీ హారన్ కూడా స్క్వాడ్‌లో ఐదో సభ్యుడవుతుంది.

ఇక వర్ణోత్పత్తి స్థానాలు. ప, ఫ, బ, భలు ఓష్ఠ్యాలు. పెదవులు మూసి ఒక్కసారి తెరిస్తే పుడతాయి, గాలిని గుప్పున వెంటబెట్టుకొస్తాయి. ఆ గాలి నేరుగా మైకు పొరను తంతే వినేవాడి చెవిలో ధబ్బుమంటుంది. మన ఆటగాళ్ళ పదకోశమేమో పైన, పక్కన, బయట, బాంబు! దంత్యాలతో ఆడేవాళ్ళకు ఈ బాధ ఉండదు, కానీ ‘నది దగ్గర తాత’ అంటూ యుద్ధం చేయలేం కదా. శ, ష, స అనే ఊష్మాలది మరో తీరు, అవి బుసకొడతాయి. రెంటికీ మందు ఒకటే: మైకు నోటికి ఎదురుగా కాక, పెదవి మూలకు రెండు వేళ్ళ దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. హెడ్‌సెట్‌కు ఉన్న వంగే కడ్డీ అందుకే పెట్టారు. దాన్ని నుదుటి మీదికి ఎత్తుకుని ఆడేవాళ్ళు ఓష్ఠ్య దోషాన్నీ, ఊష్మ దోషాన్నీ జయించిన మాట నిజమే. అక్షరాలన్నిటినీ జయించేశారు.

మూలం ఎక్కడో ఉండిపోయింది. ‘నీ నెట్టే ప్రాబ్లమ్’ అన్నది అనుమాన వాక్యం. గొంతు పాడైంది, కనుక నెట్ పాడైంది. ఆంధ్రుడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదివే పిల్లవాడు కూడా దీన్ని ఒప్పుకోడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. నైయాయికులు దీనికి చూపేది ఎర్రగా కాల్చిన ఇనుప గుండు, అయోగోళకం. నిప్పుంది, పొగ లేదు. తరతరాల విద్యార్థులు దీన్ని కళ్ళతో చూడకుండానే వల్లించారు. విశాఖవాళ్ళకు ఆ లోటు లేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారంలో, రోలింగ్ మిల్లు మీద ఎర్రటి ఉక్కు కడ్డీ పరుగెత్తడం కంటే గొప్ప తర్కపాఠం ఇంకెక్కడుంది? బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న కర్మాగారమది. దాన్ని అమ్మేయాలని 2021లో ఢిల్లీ తీసుకున్న నిర్ణయానికి టీక రాయాలంటే ఈ పుటలు చాలవు. ప్రస్తుతానికి వచ్చేది ఇంతే: నెట్ పాడైతే గొంతు పాడవుతుంది, గొంతు పాడైనంత మాత్రాన నెట్ పాడైందని కాదు. అయోగోళకం వాడి బల్ల మీదే ఉంది.

తేల్చడానికి అన్వయ వ్యతిరేకాలు, అంటే కారణం ఉంటే ఫలం ఉండడం, లేకపోతే లేకపోవడం చాలు. నెట్‌తో పని లేకుండా కంప్యూటర్‌లోనే గొంతు రికార్డు చేసి వినాలి. అందులోనూ నూతిలోంచే వస్తే నెట్ నిర్దోషి. మాట ముక్కలుముక్కలుగా తెగడం, ఆలస్యంగా వచ్చి గబగబా పరుగెత్తడం నెట్ లక్షణాలు. ఎడతెగని బుస, గుంయ్‌మనే హోరు, డొల్లతనం మైకువి. ఆ హోరు యాభై హెర్ట్జ్‌ల మన ఇంటి కరెంటుదే కావచ్చు. లాప్‌టాప్ ఛార్జర్ పీకగానే ఆగిందంటే ఎర్తింగ్ చూసుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో మైకు తెరుచుకోగానే ఆట చప్పుడంతా పాత ఫోను మాటలా చప్పబడితే అదీ నెట్ తప్పు కాదు; మంచి ధ్వని వదిలేసి ఫోన్ కాల్ పద్ధతికి మారితే తప్ప చాలా ఇయర్‌ఫోన్స్ మైకును తెరవలేవు. అన్నిటికన్నా విషాదకరమైనది మరొకటి. విండోస్‌లో మైకుల జాబితా తెరిస్తే రెండు మూడు కనబడతాయి. బల్ల మీది కొత్తది లైట్లు వెలిగించుకుంటూ ఉంటుంది. మాట వింటున్నది లాప్‌టాప్ మూతలోని సూది బెజ్జం.

పూర్వపక్షం: మరి ఖరీదైనదాని వల్ల లాభమే లేదా? లాభం గదికి ఉంది. కండెన్సర్ మైకు సూక్ష్మగ్రాహి. గోడలకు మెత్తలు వేసిన నిశ్శబ్దపు గదిలో పాట పాడేవాడి ఊపిరి కూడా పట్టుకోవడానికి పుట్టింది. దాన్ని తెచ్చి మూరెడు దూరంలో, కీబోర్డు పక్కన, కిటికీ ఎదురుగా పెడితే తన ధర్మం తాను చేస్తుంది: అన్నీ వింటుంది. పైగా చాలావాటికి మాట్లాడాల్సింది పక్క ముఖంలోకి, కొనలోకి కాదు. ఆ సంగతి పెట్టెలోని కాగితం మీద ఉంటుంది, కాగితం పెట్టెలోనే ఉంటుంది. ద్వారకానగర్ కంప్యూటర్ షాపులో దొరికే మామూలు హెడ్‌సెట్ పెదవి పక్కన ఉండడం వల్లే దీన్ని ఓడిస్తుంది. ఆటకు మైకు కొనేవాడు అడగాల్సింది దూరం గురించి, తరవాతే ధర.

మరో పూర్వపక్షం: ఆటగాళ్ళు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో రొద తీసేసే సదుపాయం ఉంది కదా. ఉంది, ఫ్యాను హోరును బాగానే తీస్తుంది. గోడకు కొట్టుకుని వచ్చిన మాటను నోటి దగ్గరికి తేవడం, గెయిన్ ఎక్కువై పగిలిన మాటను అతకడం దానికి కష్టం. బలహీనంగా వచ్చిన మాట చివరలను రొద అనుకుని మింగేస్తుంది కూడా. ఇంకొకరు నెట్ మహిమ ఎత్తుకుంటారు: 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు పదిహేను బిలియన్ డాలర్ల ఏఐ కేంద్రాన్ని, సముద్రగర్భ కేబుళ్ళ కూడలిని ప్రకటించిందని. సంతోషం. సముద్రం అడుగున వచ్చే కేబుల్ తీరం దాకా వస్తుంది. బల్ల మీది మైకును నోటి దగ్గరికి జరపదు.

మిగిలింది ‘నాకు బానే ఇనిపిస్తంది’. టీకాకారులందరూ దీన్ని ఆత్మరక్షణగా చదివారు. ప్రతిధ్వని విషయంలో ఇది నేరాంగీకారం. స్పీకర్లు తెరిచి పెట్టుకున్నవాడి మైకు, స్పీకర్లోంచి వచ్చిన ఇతరుల మాటను పట్టి వాళ్ళకే తిప్పి పంపుతుంది. అందరికీ తమ మాట రెండోసారి వినబడుతుంది, ఒక్క వాడికి తప్ప. అంటే గుంపులో ఎవడికి బాగా వినిపిస్తోందో వాడే హేతువు. లోకంలో ఇంత వినయంగా తనను తాను పట్టించే దోషి ఇంకొకడు లేడు. ఆ విషయం చెబితే మాత్రం నెట్ దగ్గరికే వెళతాడు.

ఆఖరి పూర్వపక్షం: ఆట కదా, ఇంత చర్చా? ఆట కాబట్టే. ‘వెనకాల ఇద్దరు’ అన్న మాటకు ఆయుష్షు అర సెకను. ఆ అర సెకనులో మ్యూట్ నొక్కని మైకులోంచి ప్రెషర్ కుక్కర్ మూడో విజిల్ వస్తుంది. వెనకాల ఉన్న ఇద్దరూ తమ పని తాము చేసుకుపోతారు. పప్పు ఉడికిందన్న వార్త మాత్రం నాలుగిళ్ళకూ స్టూడియో క్వాలిటీతో చేరుతుంది.