తెలుగు బాగా వచ్చినవాళ్లను ఎంచుకోకండి

డొంకరాయి చుట్టుపక్కల బడిపిల్లల మాట, వినికిడి చూడడానికి స్పీచ్ థెరపిస్టులను వేయాలనుకునే అధికారులకూ, వాళ్లకు పని నేర్పబోయే గురువులకూ ఈ సలహాలు రాస్తున్నాను. చదవగానే తలకిందులుగా తోస్తాయి. నేను మైదానం నుంచి పట్టా పట్టుకుని ఇటు వచ్చిన రోజున వీటికి ఎదురుమాటలనే నమ్మాను. ఇప్పుడు ఇవే నమ్ముతున్నాను.

అన్నిటికంటే ముందు, తెలుగు స్పష్టంగా, శుద్ధంగా మాట్లాడేవాళ్లకు మార్కులు వేయడం మానండి.

సీలేరు కట్టకు అవతల ఒడిశా. ఇవతల గుర్తేడు వైపు కొండల్లో కొండరెడ్లు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు. కొండరెడ్లది తెలుగే, కానీ వాళ్ల తెలుగు వాళ్లది. కోందుల పిల్లలకు ఇంట్లో కువి. సంతలో ఆదివాసీ ఒడియా. బడి గుమ్మం దాటాక పుస్తకాల తెలుగు. ఇలాంటి తరగతి గదిలో నేను మొదటి నెల ఒక ఆరేళ్ల పిల్లను కూర్చోబెట్టుకుని బొమ్మల కార్డులు చూపించాను. రైలు, ఓడ, గొడుగు, ఫ్యాను. పిల్ల నోరు విప్పలేదు. ‘మాటలు రాలేదు, భాషలో తీవ్రమైన ఆలస్యం’ అని రాశాను. మధ్యాహ్నం చూస్తే అదే పిల్ల బోరింగు దగ్గర తమ్ముడికి ఏదో పెద్ద కథ చెబుతోంది, చేతులు తిప్పుతూ, గొంతు మార్చి మార్చి. ఆ సాయంత్రం వాళ్ల అవ్వ నన్నడిగింది: “మా పిల్లకి మాటల్లేవని రాసేవంటమ్మా? మాటలు లేకపోడం ఏటి, నీకు తెలీని మాటలవి.”

ఆ కాగితం చించేశాను. చించేసినంత మాత్రాన అలాంటివి ఇంకెన్ని రాసి ఉంటానో అన్న బెంగ పోలేదు.

అందుకని ఎంపికలో అభ్యర్థిని మీరు ప్రశ్నలు అడక్కండి. ఊళ్లోంచి ఇద్దరు చిన్నపిల్లలను తెచ్చి పక్కన కూర్చోబెట్టండి. అభ్యర్థి వాళ్లతో అరగంట గడపాలి. పిల్లలు ఎవరి మాటకు అడ్డుపడి ‘కాదు, అలా కాదు’ అంటారో, ఎవరి ఒళ్లోకి జరుగుతారో ఆ మనిషి పేరు రాసుకోండి. అమ్మలను కూడా పిలవండి. చివరి మాట వాళ్లది కానివ్వండి.

పట్టా చూసి మనిషిని తీసుకోకండి. మనిషిని తీసుకుని పట్టా చేయించండి.

చట్టం పక్కన పెట్టమని కాదు. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ మండలిలో నమోదు లేకుండా ఈ వృత్తి చేయకూడదు, అది పిల్లల మేలుకే. అయితే డిగ్రీ అంటే మూడేళ్ల చదువు, పైన ఒక ఏడు ఇంటర్న్‌షిప్పు. దానికి ఇంటర్‌లో సైన్సు చదివి ఉండాలి. కొండమీది ఎంతమంది ఆడపిల్లలకు ఇంటర్ సైన్సు అందుతోందో మీకు తెలుసు. అందుకే సైన్సుతో ఇంటర్ దాటిన అమ్మాయి దొరికితే, ముందు ఏడాదిలో అయ్యే డిప్లొమాతో మొదలుపెట్టండి. వినికిడి, భాష, వాక్కు అన్నీ అందులో ఉన్నాయి. ఆ అమ్మాయి పనిలో కుదురుకున్నాక డిగ్రీకి పంపండి. మైసూరులో 1965 నుంచి ఉన్న వాక్ శ్రవణ సంస్థ, మనకు దగ్గరలో సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఇందుకే ఉన్నాయి. ఆమె చదువు అయ్యేదాకా రోగ నిర్ధారణ మీద సంతకం నమోదైన థెరపిస్టుదే. పిల్లల మాట విని చెప్పేది మాత్రం ఆమె.

చదువుకు పంపేటప్పుడు బాండు రాయించుకోకండి. భయంతో తిరిగి వచ్చిన మనిషి రోజులు లెక్కపెడుతూ కూర్చుంటుంది. ఒక్కదాన్ని పంపకండి, ఒకే లోయ నుంచి ఇద్దరిని పంపండి. హాస్టల్లో రాత్రిపూట సొంత భాషలో మాట్లాడుకోవడానికి ఒకరుండాలి. బస్సెక్కే ముందే నియామకపు కాగితం చేతిలో పెట్టండి, ఊరు పేరుతో సహా. ఉద్యోగం ఎక్కడో తెలియని చదువు మనిషిని పట్నంలోనే ఆపేస్తుంది. ఈ కొండల్లో ఆ కాగితం విలువ తెలియనివాళ్లు లేరు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూరు శాతం నిలవలేదు, సరే. ఆ తీర్పు అడ్డు చెప్పింది నూటికి నూరు అన్నదానికి. పిల్ల భాష వచ్చినవాళ్లు కావాలని అర్హతల్లో రాయడానికి అది అడ్డం కాదని నా నమ్మకం. భాష రావడం కులం సంగతి కాదు, పని సంగతి. వానప్పుడు గొడుగు అడిగినట్టే.

మొదటి మూడు నెలలు ఏ పిల్లకూ చికిత్స చేయనివ్వకండి.

జీతం ఇచ్చి ఊరికే కూర్చోబెట్టడమా అంటారు. కూర్చోబెట్టండి. సంతలో, నీళ్ల దగ్గర, అడ్డాకులు కుట్టే చోట, చీపుర్లు కట్టే చోట. వాళ్ల దగ్గర ఒక నోటుపుస్తకం ఉండాలి. నాలుగేళ్ల పిల్లలు ఏ మాటలు వాడుతున్నారు, ఏ వాక్యాలు కడుతున్నారు, ఎక్కడ నవ్వుతున్నారు, అన్నీ రాయాలి. నా ఓడ బొమ్మ, రైలు బొమ్మ పనికిరాని చోట ఆ పుస్తకంలోంచి కొత్త కార్డులు పుడతాయి: సొరకాయ బుర్ర, గొడ్డలి, తట్ట, జీలుగు చెట్టు, చోడి అంబలి. కువి, కొండ, సవర, కోయ, ఆదివాసీ ఒడియా, బంజారా, గోండి, కొలామి భాషల్లో, తెలుగు లిపితోనే మొదటి తరగతి పుస్తకాలు వేసి చెప్పే ప్రయత్నం ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే మొదలైంది. ఆ వాచకాలు దొరికినచోట వెతికి తెచ్చుకోండి. సగం పని వాటిలో అయిపోయి ఉంది.

ఇలా విన్నవాళ్లలో గిడుగు రామమూర్తి ముందు నిలుస్తారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన మనకు తెలుసు, ఆగస్టు 29న దండ వేస్తాం. ఆయన సవరల భాష నేర్చుకుని, వాళ్ల కోసం వాచకాలు రాసి, బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారంటారు. క్వినైన్ చెవిని దెబ్బతీస్తుందన్నది వైద్యం ఎరిగిన సంగతే. ఇంకొకరి భాష వినడానికి వెళ్లి తన వినికిడి ఇచ్చి వచ్చిన మనిషి. శిక్షణలో మొదటి పాఠం ఆయన గురించి చెప్పండి, ఉచ్చారణ స్థానాల పటం తర్వాత చెప్పుకోవచ్చు.

పిల్ల తప్పు పలికితే దిద్దనివ్వకండి, తప్పు అని తేలేదాకా.

భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల భాష మీద రాసిన వ్యాకరణం 1969లో వచ్చింది. మనకు ఒకటే అనిపించే ‘ర’ను ఆ భాష విడదీసి పలుకుతుందని అందులో ఉంది. నాదం లేకుండా ఊపిరితోనే అదిరే ‘ర’ కూడా ఉంది. మనం నోట్లోంచి జారవిడిచి, అక్షరమాలలో మాత్రం మిగుల్చుకున్న బండి ఱకు అది చుట్టం. మనం పోగొట్టుకున్న ధ్వనిని అట్టిపెట్టుకున్న పిల్లవాణ్ణి పట్టుకుని ‘ర పలకడం రాదు’ అని రాస్తే ఎంత ఘోరం! కువిలో మాట మధ్యన గొంతు చిన్నగా పట్టి వదిలే ఆపు ఒకటుంది. తెలియని చెవికి అది నత్తిలా వినపడుతుంది. మహాప్రాణాలు ఈ భాషలకు సొంతం కావు, ‘భ’ బదులు ‘బ’ వస్తుంది. ఆ మాటకొస్తే మన ఇళ్లల్లోనూ అంతేగా.

అమెరికాలో ఈ వృత్తివాళ్ల సంఘం ఏ మాండలికమూ రుగ్మత కాదని 1983లోనే రాసుకుంది. అయినా ఆ సంఘంలో శ్వేతజాతీయులు కానివాళ్లు ఇప్పటికీ కొద్దిమందే. కాగితం మీద తీర్మానం రాయడం సులువు. వినే చెవులను మార్చడం కష్టం.

మరి నిజమైన లోపాన్ని ఎలా పట్టుకోవడం? మా పనిలో ఒక సూత్రం ఉంది. భాషలో నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లకు ఆ ఇబ్బంది ఇంటి భాషలోనూ ఉంటుంది. తెలుగులో మాత్రమే తడబడితే అది తెలుగు రాకపోవడం, దానికి టీచరు కావాలి. కువిలో కూడా తడబడితే థెరపిస్టు కావాలి. ఇది తేల్చాలంటే అమ్మను అడగాలి: పెద్దవాడు ఈ వయసులో ఎలా మాట్లాడేవాడు, వీడు ఎలా మాట్లాడుతున్నాడు? ఊళ్లో మిగతా పిల్లలకు వీడి మాట తెలుస్తోందా? అప్పటికీ అనుమానం ఉంటే పిల్లకు తెలియని కొత్త మాట ఒకటి ఆటలో నేర్పి చూడండి. రెండు మూడు సార్లకు పట్టుకుంటే ఆ బుర్రకు భాష నేర్చే శక్తి నిండుగా ఉంది. ఎన్నిసార్లు చెప్పినా జారిపోతుంటే ఆగి చూడాలి. ఈ పరీక్షకు కార్డులు అక్కర్లేదు, పిల్ల భాష కావాలి. అందుకే మొదటి సలహా మొదట పెట్టాను.

వస పోసిన అవ్వను తిట్టనివ్వకండి. మాట రావడం ఆలస్యమైతే నాలుక మీద వస రాయడం మన తెలుగుదేశమంతా ఉంది, వసపిట్టలా వాగుతుందన్న మాట అక్కణ్ణుంచే వచ్చిందంటారు. వస వల్ల మాటలు రావు, పసిపిల్లలకు అది మంచిది కాదు, ఆ సంగతి చెప్పాల్సిందే. కానీ వస పోసిందంటే ఆ ఇంట్లో ఎవరో పిల్ల మాట కోసం కనిపెట్టుకుని ఉన్నారన్న మాట. జిల్లాలో మీ మొదటి ఆరోగ్య కార్యకర్త ఆవిడే. పక్కన కూర్చుని, చెవి చూపించమనండి.

చెవి గురించి ఇంకో మాట. మాట ఆలస్యమైన పిల్లల్లో చెవి ముందు చూడాలి, నోరు తర్వాత. చీము కారే చెవి ఈ కొండల్లో మామూలు సంగతి అయిపోయింది, ఎవరూ పట్టించుకోరు. కారుతున్న చెవిలో నూనె పోస్తారు, పసరు పిండుతారు. ఏళ్ల తరబడి అలా కారితే కర్ణభేరి చిల్లుపడి, వినికిడి తగ్గి, తరగతిలో వెనక కూర్చున్న పిల్ల ‘మొద్దు’ అనిపించుకుంటుంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలందరినీ చూడమని 2013లో వచ్చిన బాలల ఆరోగ్య పథకంలో వినికిడి లోపం, మాట ఆలస్యం, గ్రహణం మొర్రి అన్నీ ఉన్నాయి. చూసే బండి వచ్చే రోజున మీ మనిషి పక్కన ఉండి, పిల్ల భాషలో అడగాలి. గ్రహణం మొర్రి పిల్లల తల్లులకు ప్రత్యేకంగా చెప్పాలి: ఇది గ్రహణంలో నువ్వు కత్తి పట్టినందుకు వచ్చింది కాదమ్మా, పెదవి కుట్టాక అంగిలి కూడా కుట్టించాలి, ఆ తర్వాత మాటకు మళ్లీ రావాలి. ఆ మాట వాళ్ల భాషలో వినపడితేనే తల్లి తల ఎత్తుతుంది. నేను తెలుగులో చెప్పినప్పుడు తల ఊపింది, అంతే.

పని మొదలైన నెలకు పైనుంచి ఫారం వస్తుంది. ‘ఎంతమందికి చికిత్స చేశారు’ అన్న గడిలో సున్నా వేయమనండి. సంజాయిషీ అడిగితే మీరు చెప్పుకోండి, ఆమెను అడ్డం పెట్టకండి. సున్నా కింద ఆ నెల రాసుకున్న మాటల జాబితా పిన్ను చేయించండి. ఆ జాబితాలో పైన ‘చెవి నొప్పి’ ఉండాలి, మీకు కాదు, ఆరేళ్ల పిల్లకు రాత్రిపూట ఏ మాటగా వస్తుందో ఆ మాట.