పోగొట్టుకోదగ్గ నట్టు

సైకిలు సీటు పోతే జాలిపడే మనుషులున్నారు. చక్రం పోతే పోలీసు స్టేషనులో కాగితమైనా రాసుకుంటారు. ఇరుసు నట్టు పోయిందని చెప్పి చూడండి, "అంతేనా!" అంటారు. ఆ 'అంతే' లేకే సైకిలు గోడకి చేరగిలబడి ఉంటుంది. కాబట్టి సైకిలున్న ప్రతివారూ ఈ కింది విద్య నేర్చుకుని తీరాలి.

1. ముందు సరైన సైకిలు ఎంచుకోండి

ఏ భాగం పోగొట్టుకున్నా పాత నల్ల సైకిలుదే పోగొట్టుకోండి. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40, కేబులు లేని కడ్డీ బ్రేకులు, పాలక్యాను వేలాడదీసినా మూలగని క్యారేజీ. దాని తయారీని తాతల కాలం నుంచీ ఎవరూ మెరుగుపరచాలని చూడలేదు. అదే దాని అదృష్టం, మీది కూడా. హీరో, హెర్క్యులస్, ఏవన్, అట్లాస్ అని పేర్లు వేరైనా లోపలి నట్లూ బోల్టులూ చాలావరకు ఒకదానివి ఒకదానికి ఎక్కుతాయి. 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ కంపెనీ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు మూతపడింది. ఆ సైకిలుకు కావలసిన నట్టు మాత్రం ఇంకా దొరుకుతోంది.

గేర్ల సైకిలైతే మహా జాగ్రత్త. వెనక గేరును పట్టుకుని ఉండే వేలెడంత అల్యూమినియం ముక్క ఉంటుంది, హేంగరంటారు. అది వందల ఆకారాల్లో వస్తుంది. ఒకే కంపెనీ పోయినేడు చేసింది ఈ ఏటి మోడలుకు సరిపోకపోవచ్చు. దాన్ని పోగొట్టుకోవడానికి మీ హోదా సరిపోదు.

2. శాంపిలు పట్టుకెళ్లండి

ఏ కొట్టుకెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "శాంపిల్ తెచ్చిన్రా సార్?" పోయిన వస్తువును శాంపిలుగా ఎలా తేవాలని వాదించకండి. ఇరుసుకు రెండు వైపులా నట్లుంటాయి, రెండోది విప్పి పట్టుకెళ్లండి. ఒక నట్టు పోయిన సైకిలును అలా రెండు నట్లు లేని సైకిలుగా మార్చుకున్నాక, చొక్కా జేబుకు చిల్లుందేమో చూసుకోండి.

ఈ ఉపాయం పెడలు దగ్గర పనిచెయ్యదు. రెండు పెడళ్ల మరా 9/16 అంగుళాలే, చూపుకు కవల పిల్లలే. కానీ ఎడమదానికి ఎదురు మర. తొక్కుతుంటే ఊడిపోకుండా అలా పెట్టారు. కుడిది తీసుకెళ్లి, అచ్చం అలాంటిదే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నవారికి మంచి కుడి పెడళ్లు రెండు సమకూరుతాయి.

3. కొలతలు తెలుసుకోండి, నమ్మకండి

మన పాత సైకిలు వెనక ఇరుసు మూడు బై ఎనిమిది అంగుళాలు, అంగుళానికి 26 మర చుట్లు. ఇంగ్లండులో సైకిలు ఇంజనీర్లు 1902లో ఖాయం చేసిన పద్ధతి అది. కొత్త సైకిళ్లలో చాలావాటికి 10 మిల్లీమీటర్ల ఇరుసు. రెంటికీ తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. అందుకే 10 మిల్లీమీటర్ల నట్టు మన ఇరుసు మీదికి హాయిగా ఎక్కుతుంది. కొట్టువాడు సంతోషిస్తాడు, మీరూ సంతోషిస్తారు. ఇంటికొచ్చి పానాతో గట్టిగా బిగించబోతే అది అక్కడే గిరగిరా తిరుగుతుంది.

పెడలు చేతిని మధ్య ఇరుసుకు బిగించే కాటర్ పిన్నుల సంగతీ ఇంతే. తొమ్మిదిన్నర మిల్లీమీటర్లవీ ఉంటాయి, తొమ్మిదివీ ఉంటాయి. తేడాను సుత్తితో సర్దుబాటు చెయ్యొచ్చని చెప్పేవారు వీధికొకరు దొరుకుతారు. వారి మాట వినండి, పెడలు తొక్కినప్పుడల్లా 'టక్' మని వారే గుర్తొస్తారు.

4. షోరూమును దర్శించండి

అద్దాల తలుపు, ఏసీ చల్లదనం, గోడకి వేలాడుతూ నలభై వేల సైకిలు. జేబులోంచి జిడ్డు నట్టు తీసి గాజుబల్ల మీద పెట్టండి. "అది విడిగా రాదు సార్, సెట్టే" అంటారు. సెట్టంటే ఇరుసు, కోన్లు, వాషర్లు, బాల్సు, నట్లు. ఇంకాసేపు నిలబడితే చక్రమంతా. అక్కడే ఉంటే కొత్త సైకిలుతో బయటికొస్తారు.

అయితే ఒక్క విషయంలో వాళ్లే నిజం చెబుతారు. వెనక హబ్బులో పావు అంగుళం బాల్సు వైపుకి తొమ్మిది, ముందు హబ్బులో మూడు బై పదహారు అంగుళాలవి వైపుకి పది. ఒకటి పోయిందని ఒక్కటే కొని వేస్తే, అరిగిపోయిన పాతవాటి మధ్య ఆ కొత్తది వెంట్రుకవాసి పెద్దది కావడంతో, ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాలా బరువంతా తనే మోస్తుంది. మొత్తం మార్చడమే మేలు. మంచి సలహాను వ్యాపారమనుకుని కొట్టిపారెయ్యడం కూడా ఈ విద్యలో భాగమే కనుక, మీ ఇష్టం.

5. డబ్బా దగ్గర మర్యాద

ఇక మిగిలింది బస్టాపు పక్కన గాలిపంపు, నీళ్ల బేసిను, గుర్తుగా వేలాడే పాత టైరు. అక్కడ కూర్చునే మెకానిక్కు వెనకాల ఒక రేకు డబ్బా ఉంటుంది. హైదరాబాదులో సైకిలు తొక్కినవాళ్లు ముప్పై ఏళ్లుగా రాల్చినదంతా అందులోనే ఉంది. వెళ్లగానే నట్టు అడక్కండి, బేరం చెడుతుంది. ముందు గాలి కొట్టించుకోండి. ఎండ గురించి రెండు ముక్కలు మాట్లాడండి. తర్వాత శాంపిలు చూపించండి. ఆయన దాన్ని కొలవడు, రెండు వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, డబ్బాను గోనెసంచి మీద బోర్లించి, చూడకుండానే ఒకటి తీస్తాడు. అది ఎక్కుతుంది.

"ఎంత భాయ్?"

"ఏమిస్తవ్ సార్ దానికి, తీస్కపో."

ఇక్కడ చాలామంది థాంక్స్ చెప్పి వచ్చేస్తారు. నట్టును ఉచితంగా పుచ్చుకుని, పంచరు మాత్రం మాల్‌లో వేయించుకుంటారు. తర్వాత ఆ చోట జ్యూసు బండి వెలిశాక, ఈ రోజుల్లో చిన్న సామాను దొరకడం లేదని బాధపడతారు. మీరూ అలా బాధపడదలిస్తే ఇదే పద్ధతి.

6. దొరక్కపోతే

నట్టుకు బదులు పురికొస, కాటర్ పిన్నుకు మేకు, బ్రేకు రబ్బరుకు హవాయి చెప్పు ముక్క. వానలో ఆ ముక్క జారితే మిగిలిన చెప్పును నేలకానించి ఆగండి. వాల్వు రబ్బరు దగ్గర మాత్రం తెలివి చూపకండి. వుడ్స్ అనే ఆయన 1891లో పెట్టిన ఏర్పాటు అది. సన్నటి రబ్బరు గొట్టమొక్కటే గాలిని లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వదు. దానికి మారు లేదు.

7. దొరికాక

ఒకటికి నాలుగు కొని ఇంట్లో మీరూ ఒక డబ్బా పెట్టుకోండి. భోగి ముందు ఇల్లు దులుపుతూ ఇంట్లోవాళ్లు దాన్ని పాత ఇనపసామాను బండికి తూచి ఇచ్చేస్తారు. కేకలెయ్యకండి. వచ్చే గురువారం జుమ్మేరాత్ బజారుకు వెళ్లండి. అక్కడ లేకపోతే ఆదివారం ఎర్రగడ్డ సంతకు. దుప్పటి మీద కుప్పలో మీ నట్లే కనిపిస్తాయి, బేరమాడి తెచ్చుకోండి. శాంపిలు పట్టుకెళ్లడం మరవకండి.