కరపత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "హైదరాబాద్, వరంగల్ మహానగరాల నడుమ, హైవేకు కూతవేటు దూరాన, లింగాల ఘనపూర్‌లో మీ కలల సౌధం!"

అవతారిక: ఈ మహావాక్యం నా బండి హ్యాండిల్‌కు ఎవరో తగిలించిపోయిన రంగుల కాగితంలోనిది. కర్త పేరు లేదు, ఫోన్ నంబర్లు మాత్రం నాలుగున్నాయి.

టీక: మహానగరాల అన్నది స్పష్టము. సౌధము అనగా సుధ, అంటే సున్నం, పూసినది. వెళ్ళి చూశాను. పత్తిచేలో పాతిన హద్దురాళ్ళకు నిండా సున్నం కొట్టి ఉంది. శబ్దప్రయోగం నిర్దుష్టం.

ఇక 'నడుమ'. ఇక్కడ వ్యాఖ్యాత ఆగక తప్పదు. నడుమ అంటే మధ్య, నడుము అంటే కటి. ప్రబంధకవులు నాయిక నడుము దగ్గరికి రాగానే, అది ఉందా లేదా అని సందేహంలో పడతారు. ఆకాశమన్నవారున్నారు, శూన్యమన్నవారున్నారు. కంటికి ఆనదు కానీ పైనా కిందా కనబడుతున్నాయి కనుక మధ్య ఏదో ఉండితీరాలని తర్కించినవారూ ఉన్నారు. మీమాంసకులు దీన్ని అర్థాపత్తి అంటారు. వారి దేవదత్తుడు పగలు ముద్ద ముట్టడు, అయినా లావుగానే ఉన్నాడు. కనుక రాత్రి తింటున్నాడు. కరపత్రకర్త పద్ధతీ ఇదే. అటు హైదరాబాదు ఉంది, ఇటు వరంగల్లు ఉంది. కనుక మధ్యలో నగరం ఉండాలి. గజం ధర కట్టింది ఈ 'కనుక' మీదే.

దేవదత్తుడు ఇక్కడ ప్లాటు కొని ఇల్లు కట్టాడనుకుందాం. దగ్గరి పట్టణమైన జనగామ నుంచి హైదరాబాదు 85 కిలోమీటర్ల పైచిలుకు, వరంగల్లు 60 దాకా. పిల్లలు లేవకముందే బయల్దేరతాడు, వాళ్ళు పడుకున్నాక వస్తాడు. పగలు ఇంట్లో ఎవరికీ కనబడడు, కంతులు మాత్రం కడుతూనే ఉంటాడు. కనుక ఇంటికి వస్తూ ఉండాలి అని వాడకట్టువాళ్ళు అర్థాపత్తితో తేల్చుకోవాలి. సొంతిల్లు కోసం ఇంత చేసినవాడు ఆ ఇంటి గోడకు ఎండ పడగా చూసేది ఆదివారమే. ఇది నవ్వులాటకు రాస్తున్నది కాదు.

హైవే: సంస్కృతంలో ఘంటాపథం. మెదకు సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి భారవి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్య పేరు కూడా అదే. దారి దొరకని పద్యాల మధ్య ఆయన రాజమార్గం వేశాడు, టోలు అడగలేదు. 163వ నంబరు ఘంటాపథం మీద జనగామకు అటు గూడూరు టోలు, ఇటు కోమళ్ళ టోలు. 'ఉభయ నగర మధ్యస్థం' అంటే 'ఉభయ టోల్ మధ్యస్థం' అని గ్రహించేది.

కూతవేటు: ఎవరి కూత? రైలుదని మా బామ్మర్ది వాదం. "బావా, ఘనపూర్‌ల టేషన్ ఉండనే ఉన్నది గదనే! రేపు గజం డబుల్ అయితది." ఉన్నది. స్టేషన్ ఘనపూర్‌లో ఉన్నది. అది వేరే ఊరు. లింగాల ఘనపూర్ వాడు రైలెక్కాలంటే జనగామ పోవాలి. ఇవి చాలనట్టు భూపాలపల్లి వైపు కోటగుళ్ళ ఘనపూర్ మరొకటి. పేరు ఒకటే కావడం శ్లేష అనుకుంటే అలంకారం, బయానా ఇచ్చాక తెలిస్తే అపస్మారం.

అన్నట్టు మరచాను, కాగితం అడుగున చీమతలంత అక్షరాల్లో 'అనుమతులు ప్రపోజ్డ్' అని ఉంది. ఇది ధ్వని. వాచ్యార్థం 'వస్తాయి', వ్యంగ్యార్థం 'రాలేదు'. సహృదయులకే అందుతుంది. ఆ అక్షరాలు చదవలేని రైతు కూలి, రిటైరైన పంతులు, దుబాయి నుంచి పైసలు పంపే కొడుకు సహృదయులు కారని ఆలంకారికుల తీర్పు కాబోలు.

పాఠాంతరం: దసరా ప్రతిలో 'కూతవేటు' బదులు 'పది నిమిషాలు' అని ఉంది. సంక్రాంతి ప్రతిలో 'అయిదు నిమిషాలు'. ఊరు కదల్లేదు. ధర మాత్రం ఏ రెండు ప్రతుల్లోనూ ఒకటిగా లేదు.