తొక్కని దారి

విశాఖ రేవులో నన్ను ఓడెక్కించిన కూలీ మొదట సీటు కింద చెయ్యేసి లేపబోయాడు. లేవలేదు. నడుం గొట్టం కింద భుజం దూర్చి, "ఏటి బాబూ, ఇనప్పెట్టా ఇది?" అని మా మేష్టారిని అడిగాడు. ఇరవై కేజీల పైమాటే నేను. గేర్లు లేవు. రాడ్డు బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, వెనక చేపల బుట్ట పట్టేంత వెడల్పు క్యారియరు. అండమాన్ దీవుల్లో తిరగడానికి నాలాంటి సైకిల్‌ని ఎవరూ ఎంచుకోరు. మా మేష్టారికి మాత్రం వేరే సైకిల్ ఆలోచనే రాలేదు.

నేను మద్రాసు పక్కన అంబత్తూరులో పుట్టిన హెర్క్యులస్‌ని. 1988లో టెక్కలిలో ఒక షాపులో మేష్టారి నాన్న నన్ను కొన్నాడు. వాళ్లది శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక బెస్తపల్లె. తెల్లారకముందే బుట్ట కట్టుకుని సంతకి, తిరుగు దారిలో పోస్టాఫీసుకి. తమ్ముడి దగ్గర్నించి మనియార్డరు వచ్చిందేమో అని అడగడానికి. అందులో పంపినవాడి చిరునామా ఎప్పుడూ ఒకటే, జంగ్లీఘాట్, పోర్ట్ బ్లెయిర్. ముందు గొట్టం మీద కూర్చున్న పిల్లవాడు ఆ పేరుని అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. ఆ పిల్లవాడే మా మేష్టారు. సంక్రాంతి సెలవులకి ఇంకో మూడు వారాలు కలుపుకుని, 2019 జనవరిలో ఆ చిరునామా చూడటానికి బయల్దేరాడు.

ఓడ మూడు రోజులు నడిచింది. నన్ను డెక్కు మీద రెయిలింగుకి కట్టారు. ఇనుముకి ఉప్పుగాలి కన్నా పెద్ద శత్రువు లేదు. మేష్టారు రోజుకి రెండుసార్లు వచ్చి చైన్‌కి గ్రీజు పూసేవాడు, రిమ్ములు గుడ్డతో తుడిచేవాడు. అయినా మూడో రోజుకి లింకుల్లో ఎర్రపొడి మొదలైంది.

జంగ్లీఘాట్‌లో దిగేసరికి నాకు ఊరు దాటి వచ్చినట్టే అనిపించలేదు. వలలు ఆరేసి ఉన్నాయి. అరుగు మీద ఆడవాళ్లు మా ఊరి యాసలోనే మాట్లాడుకుంటున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. అందులో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వేట కోసం, కూలి కోసం వచ్చినవాళ్లు. చిన్నాన్న కొడుకు నా హ్యాండిల్ మీద చెయ్యేసి, "అన్నా, ఇది పెదనాన్న సైకిలు కాదేటి? బెల్లు మార్చీసినావు" అన్నాడు. ఏడేళ్ల వయసులో ఊరు వదిలిన మనిషికి నా పాత బెల్లు గుర్తుంది.

మొదటి సవారీ దక్షిణంగా, చిడియాటాపుకి. కార్బిన్స్ కోవ్ దగ్గర రోడ్డు సముద్రాన్ని అంటుకునే పోతుంది. ఒకవైపు మొగలి పొదలు, కొబ్బరి, ఇంకోవైపు నిట్టనిలువు పచ్చటి కొండ. 1942 నుంచి 1945 దాకా ఈ దీవుల్ని ఏలిన జపాన్ సైన్యం కట్టిన సిమెంటు బంకర్లు ఒడ్డున ఇంకా ఉన్నాయి. కొన్నిటి మీద నాచు పట్టి గూళ్లలా కనిపిస్తాయి. బర్మానాలా దాటాక ఎత్తులు మొదలయ్యాయి. గేర్లు లేని సైకిల్‌కి ఎత్తు అంటే దిగి తోయడమే. కానీ తోస్తున్నప్పుడే చెట్లు కనిపిస్తాయి. గొడుగుపట్టిన పడౌక్ చెట్టు మొదట్లో పలకల్లా పరుచుకున్న వేళ్ల దగ్గర మేష్టారు నన్ను ఆనించి, బెరడు తడిమాడు. అది మన ఎర్రచందనానికీ, వేగిసకీ దాయాది. సముద్రం అవతల కూడా చుట్టరికాలు ఉంటాయని ఆ చెట్టు దగ్గర నాకు తెలిసింది.

తిరుగు ప్రయాణంలో సిప్పీఘాట్ వైపు తిరిగాం. అక్కడ నీళ్లలో చెట్ల మోళ్లు నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు అవి వరిపొలాలు. 2004 డిసెంబరు 26న భూకంపం వచ్చినప్పుడు దక్షిణ అండమాన్ నేలంతా కిందికి దిగింది. సునామీ వచ్చి వెళ్లిపోయింది గానీ ఇక్కడికి వచ్చిన సముద్రం మళ్లీ పోలేదు. పోటు వచ్చినప్పుడల్లా పాత గట్ల మీదికి నీళ్లెక్కుతాయి. ఆ గట్ల మీద ఒకప్పుడు నాలాంటి సైకిళ్లు నడిచే ఉంటాయి.

వండూరు వైపు పోయే దారిలో బోర్డులు చదువుతూ మేష్టారు రెండుసార్లు ఆగాడు. వండూరు, మంజేరి, తిరూర్, కాలికట్. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత ఇక్కడికి పంపేసిన మాపిళ్ల ముస్లింలు, వాళ్ల వెనక వచ్చిన కుటుంబాలు, అక్కడ వదిలిన ఊళ్లని పేర్లుగా తెచ్చుకున్నారు. తిరిగి వెళ్లడానికి దారి లేనివాళ్లు ఊరిని ఇలాగే తెచ్చుకుంటారేమో.

నీల్ దీవి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో రెండు గంటల ప్రయాణం. దీవి మొత్తం 14 చదరపు కిలోమీటర్ల లోపే. నేల చదును. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల్ని 1960లలో ఇక్కడ స్థిరపరిచారు. ఇక్కడి తీరాల పేర్లు సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. తెల్లవారుజామున సీతాపూర్‌లో పొద్దుపొడుపు, సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో పొద్దుగుంకు. మధ్యలో అరటితోటలు, వంగమడులు, చెరువుల్లో బాతులు. ఈ దీవులు ఇంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మన దేశం గడియారమే, అందుకే అయిదింటికే వెలుతురు వచ్చేస్తుంది, సాయంత్రం అయిదున్నరకే చీకటి పడిపోతుంది. ఆ వెలుతురు లెక్క సైకిల్ మీద తిరిగేవాడు మొదటిరోజే నేర్చుకోవాలి. మేం వెళ్లడానికి కొద్దిరోజుల ముందే నీల్‌కి షహీద్ ద్వీప్, హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 1943లో నేతాజీ అండమాన్, నికోబార్‌లకి పెట్టిన పేర్లవి. రేవులో జనం అప్పటికింకా పాత పేర్లే పలుకుతున్నారు. హేవ్‌లాక్‌లో జెట్టీ నుంచి రాధానగర్ దాకా 12 కిలోమీటర్లు, ఆ తెల్లటి ఇసకలో నా స్టాండు దిగబడి నేను పడిపోయాను, అంతకు మించి అక్కడ నాకేం జరగలేదు.

అసలు చెప్పాల్సింది ఉత్తరం దారి గురించి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ దాకా అండమాన్ ట్రంకు రోడ్డు ఉంది. మూడు వందల కిలోమీటర్ల పైన. ఈ రోడ్డు మొత్తం తొక్కాలనే మేష్టారు ఊళ్లో గోడ మీద మ్యాపు అంటించుకున్నాడు. కానీ జిర్కాటాంగ్ దగ్గర గేటు ఉంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు జారవా తెగవాళ్ల అడవి. సైకిల్‌కీ నడిచేవాడికీ ప్రవేశం లేదు. పోలీసు కాపలాతో, నిర్ణయించిన వేళల్లో, వాహనాలన్నీ వరసగా పోవాలి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. నన్ను బస్సు పైకెక్కించి, మూటల మధ్య పడుకోబెట్టి, టార్పాలిన్ కప్పి తాడు బిగించారు.

మొదట నాకు బాధ కలిగింది. ఎక్కడైనా ఆగగలగడం, ఎవరినైనా పలకరించగలగడం సైకిల్‌కి ప్రాణం లాంటిది. ముప్పై ఏళ్లలో ఏ దారీ నన్ను వద్దనలేదు. టార్పాలిన్‌కి ఉన్న చిన్న చిరుగులోంచి ఆకులు, ఆకుల వెనక ఆకులు, వాటి వెనక చీకటి కనిపిస్తూ పోయాయి. కింద ప్రయాణికులు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. అప్పటికి ఆ అడవిలో ఉన్నది నాలుగైదు వందల మంది జారవాలు. వేల ఏళ్లుగా వాళ్ల సొంత నేల. రోడ్డు వేస్తున్న రోజుల్లో బాణాలతో అడ్డుకున్నారు. 1998 ప్రాంతంలో బయటికి రావడం మొదలుపెట్టారు, 1999లో తట్టు సోకింది. 2002లో సుప్రీంకోర్టు అడవిలో ఈ రోడ్డుని మూసెయ్యమంది. మూయలేదు. 2012లో, తిండి చూపించి జారవా ఆడపిల్లలతో డాన్సు చేయించిన వీడియో బయటపడి దేశమంతా తలదించుకుంది.

చక్రం వచ్చిందంటే దుమ్ము వస్తుంది, దుమ్ము వెనక బిస్కెట్ పొట్లం వస్తుంది, దాని వెనక జబ్బు వస్తుంది. నేనూ చక్రాన్నే. మెల్లగా పోతాను, పొగ వదలను, ఎవరినీ బాధపెట్టను అని ముప్పై ఏళ్లు నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ అడవికి నా మెతకదనంతో పని లేదు, నేను లేకపోతేనే దానికి మేలు. నన్ను పోనివ్వకపోవడం న్యాయం. బస్సుని పోనివ్వడం మాత్రం న్యాయమని నేను ఈరోజుకీ అనుకోను. మేం కూడా ఆ బస్సులోనే పోయాం. ఓడలో పోయే వీలుండగా బస్సు ఎక్కినందుకు మేష్టారు చాలా రోజులు నొచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణం ఓడలోనే అని ఆ సాయంత్రమే తేల్చుకున్నాడు.

రంగత్ దాటాక మళ్లీ తొక్కుడు. పంచవటి దగ్గర సముద్రం రోడ్డు పక్కకి వచ్చేసి చాలా దూరం వదల్లేదు. బిల్లీగ్రౌండ్ దగ్గర గుంతలో పడి వెనక చక్రం ఊచలు రెండు తెగాయి. బెంగాలీ మెకానిక్ గోడకి వేలాడుతున్న పాత చక్రంలోంచి రెండు పీకి బిగించి, బెండు తీసి, డబ్బు తీసుకోకుండా మేష్టారికి టీ ఇప్పించాడు. మాయాబందర్ దాటి, వంతెన మీదుగా ఉత్తర అండమాన్‌లోకి వెళితే అక్కడ తీరం కథ తిరగబడింది. సిప్పీఘాట్‌ని ముంచిన అదే భూకంపం ఇక్కడ నేలని పైకెత్తింది. నీళ్లలోంచి గాలిలోకి వచ్చేసిన పగడాలు ఎండి, బూడిదరంగు రాళ్లలా మిగిలాయి. వాటి మీద నన్ను నడిపిస్తుంటే గాజు పగిలిన చప్పుడు.

చివరి మజిలీ డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరం. 732 మీటర్ల సాడిల్ పీక్ నీడలో నల్లటి ఇసక. నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు అది. వాటిలో చిన్నవి మా ఊరి ఒడ్డుకీ వస్తాయి, చిన్నప్పుడు మేష్టారు వాటి వెంట పరిగెత్తడం నేను చూశాను. రాత్రి బస నుంచి తీరానికి బయల్దేరుతుంటే, నన్ను తోస్తున్నప్పుడు చక్రం తిరిగి డైనమో లైటు మిణుకుమిణుకుమంది. అటవీ శాఖ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. వెలుతురుకి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది.

మేష్టారు వంగి డైనమోని టైరు మీంచి తప్పించాడు. బెల్లు మోగకుండా బొటనవేలు దాని మీద ఆనించాడు. ఇసక మొదలయ్యే చోట నన్ను ఒక కొబ్బరిచెట్టుకి ఆనించి, చెప్పులు విప్పి క్యారియర్‌కి పెట్టి, ఆ చీకట్లోకి ఒక్కడే నడిచి వెళ్లాడు.