చేతిలో ఉన్న విద్య

1962 మార్చి 2. చాక్లెట్లకు పేరుపడ్డ హెర్షీ అనే పెన్సిల్వేనియా ఊళ్లో ఫిలడెల్ఫియా వారియర్స్‌కీ, న్యూయార్క్ నిక్స్‌కీ బాస్కెట్‌బాల్ మ్యాచ్. వచ్చిన జనం 4,124 మంది. టీవీ వాళ్లెవరూ అటు తొంగి చూడలేదు.

ఆ రాత్రి వారియర్స్ ఆటగాడు విల్ట్ ఛాంబర్లేన్ ఒక్కడే 100 పాయింట్లు కొట్టాడు. ఏడడుగుల మీద ఇంకో అంగుళం పొడుగు మనిషి. బంతి అతని దాకా చేరితే ఇక అంతేనని, ఆట చివర్లో నిక్స్ వాళ్లు మిగతా ఆటగాళ్లను కావాలని ఫౌల్ చేశారు. అయినా ఆపలేకపోయారు. ఆట ముగిశాక ఒక కాగితం మీద ‘100’ అని రాసి అతని చేతికిచ్చి ఫొటో తీశారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆ రికార్డును ఇంతవరకూ ఎవరూ అందుకోలేదు.

ఆ నూరులో 28 పాయింట్లు ఫ్రీ త్రోలవే. 32 వేస్తే 28 పడ్డాయి. ఎవరైనా ఫౌల్ చేస్తే, పదిహేనడుగుల దూరంలో గీత దగ్గర నిలబడి వేసే బంతి అది. అడ్డొచ్చేవాడుండడు. అయినా విల్ట్‌కు అదే గండం. ఆ రోజుల్లో మాత్రం ఒక కిటుకు పట్టుకున్నాడు. రెండు చేతులతో బంతిని మోకాళ్ల మధ్యకు దించి, కొంచెం వంగి, కింది నుంచి పైకి మెత్తగా విసిరేవాడు. బావిలోంచి తోడిన చేదను గట్టు మీదికి ఎత్తినంత తేలిగ్గా.

తర్వాత ఏమైందో ఆ పద్ధతి వదిలేశాడు. అందరిలా తల మీది నుంచి వేయడం మొదలెట్టాడు. 1967–68 సీజన్‌లో 932 వేస్తే పడ్డవి 354. మొత్తం కెరీర్ చూసినా సగానికి సగం వృథా. రిక్ బారీ అనే మరో ఆటగాడు ఆ కింది విసురునే నమ్ముకుని నూటికి దాదాపు తొంభై వేస్తూ రిటైరయ్యాడు.

మరి విల్ట్‌కు చెయ్యి నొప్పా? కోచ్ వద్దన్నాడా? రూల్స్ మారాయా? అవేవీ కావు. కారణం 1973లో తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. వదిలేయడం తప్పని తెలుసట. గొప్ప గొప్పవాళ్లు అలాగే వేస్తారనీ తెలుసట. తన వల్ల మాత్రం కాలేదట.

ఎందుకంటే, అలా విసురుతుంటే ఆడంగిలా ఉన్నానని సిగ్గేసిందట!